తుండుగుడ్డ కింద నాలుగు వేళ్ళు

మా ఇంట్లో ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. వచ్చునని మావాళ్ళ నమ్మకం. తిరుపతిలో హాస్టల్లో ఉండి బియస్సీ చదువుతున్నాను కాబట్టి, మందు సీసా మీద అతికించిన చీటీ మొదలుకొని లారీ ఇన్సూరెన్సు దాకా ఇంగ్లీషులో ఉన్నదేదైనా నా ముందుకే వచ్చేది. నేనూ తగ్గేదాన్ని కాదు. గొంతు సవరించుకొని గడగడా చదివేసేదాన్ని. చదివింది నీకు అర్థమైందా అని అడిగే నాథుడు లేడు కాబట్టి నా పరువు చాలాకాలం నిలబడింది. అమ్మ ఆపరేషన్ తర్వాత వచ్చిన రిపోర్టు దగ్గర అది పోయింది.

డెబ్బైల చివర్లోని మాట ఇది. మాది చిత్తూరు. పెదనాయన, నాయన కలిసి బెల్లం మండీ నడిపేవాళ్ళు. పల్లెల నుంచి రైతులు బెల్లం తెచ్చి మా దగ్గర దించేవాళ్ళు, బయటి ఊళ్ళ వ్యాపారులు వచ్చి కొనుక్కొని పోయేవాళ్ళు. మధ్యన బేరం కుదర్చడం మావాళ్ళ పని. ఆ బేరం నోటితో జరిగేది కాదు. ఇద్దరూ చేతులు కలిపి, పైన తుండుగుడ్డ కప్పి, వేళ్ళతో ధర చెప్పుకునేవాళ్ళు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత. చేతికున్న వేళ్ళకు మించిన లెక్క అయితే, ఒకసారి వదిలి మళ్ళీ పట్టుకోవాలి. చుట్టూ ఊరంతా నిలబడి ఉన్నా ఆ ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది.

దీనికొక మర్యాద ఉంది. రెండు చేతులు గుడ్డ కింద ఉన్నప్పుడు మూడోవాడు అటు చూడకూడదు. ఎంతకు కుదిరిందని తర్వాత అడగకూడదు. ఆ ఇద్దరూ కూడా, గుడ్డ తీసేశాక ఆ మాటను మళ్ళీ నోటితో ఎత్తకూడదు. ఇది తప్పినవాణ్ణి మండీలో మనిషి కింద జమకట్టరు. మా పెదనాయన కోపం వస్తే కన్నతల్లినైనా కసిరేవాడు గానీ ఈ మర్యాద తప్పగా నేను చూడలేదు.

అమ్మ కూడా మండీ బిడ్డే. వాళ్ళ నాయనది పలమనేరులో చింతపండు వ్యాపారం. చిన్నప్పుడు ఆయన ఒళ్ళో కూర్చొని వేళ్ళ బేరం నేర్చుకుందట. పెళ్ళయి వచ్చాక ఆ విద్యతో పనిలేక, ఆ ఉత్సాహమంతా పూలామె మీద, కూరగాయలామె మీద చూపించేది. మా అమ్మ మూర పూలు బేరం చేస్తే, ఆ పూలామె మూరకు ఇంకొంచెం కలిపి, "నీకో దండం తల్లీ" అని చెప్పి పోయేది. అమ్మ ఆ పూలల్లో సగం మళ్ళీ ఆ పూలామె కూతురి జడలోనే పెట్టి పంపేది. బేరం బేరమే, ప్రేమ ప్రేమే అనేది.

అమ్మకు ఎడమ రొమ్ములో గడ్డ లేచింది. ఎవరికీ చెప్పలేదు. సీజన్ అయిపోనీ, మండీ పని తగ్గనీ అని దాచిపెట్టుకుంది. పూటకు పదిమందికి వండి పెట్టే మనిషికి సొంత ఒంటి సంగతి అందరికన్నా చివర గుర్తొస్తుంది. అమ్మకు అప్పటికీ గుర్తు రాలేదు. పెద్దమ్మ, అంటే పెదనాయన భార్య, పండగనాడు తలంటు పోస్తుంటే చేతికి తగిలింది. ఆమె వేసిన కేకకు వీధిలో వాళ్ళు కూడా లోపలికి వచ్చారట.

పెదనాయన దృష్టిలో లోకంలోని సమస్త రోగాలకూ, విరిగిన ఎముకలకు వేసే పుత్తూరు కట్టే మందు. "ఆడ కట్టిస్తే కరిగిపోతాది" అన్నాడు. "అది ఎముక కాదు పెదనాయనా" అని నేను హాస్టల్ నుంచి వచ్చి మరీ అరిచాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత తనే తిరుపతి పెద్దాసుపత్రికి బయలుదేరదీశాడు. కారు మాట్లాడి, అమ్మ కాళ్ళ కింద దిండు పెట్టించి, దారిపొడవునా డ్రైవరును తిడుతూ తీసుకొచ్చాడు. నాయన ముందు సీట్లో కూర్చొని ఒక్క మాట మాట్లాడలేదు. నాయన ఎప్పుడూ అంతే. చిన్నప్పుడే వాళ్ళ నాయన పోతే పెదనాయనే పెంచి పెద్దచేశాడు. అన్న ఎదుట నోరెత్తడం ఆయనకు అలవాటు కాలేదు, నలభై దాటినా.

ఆపరేషన్ అయింది. రొమ్ము మొత్తం తీసేశారు, చంకలో కండ కూడా తీశారు. తీసినదాన్ని పరీక్షకు పంపామని, రిపోర్టు వచ్చాక మిగతా సంగతి చెబుతామని డాక్టరు అన్నాడు. ఇది మావాళ్ళకు మింగుడు పడలేదు.

"కోసి తీసేసినారు కదా. ఇంగ దాన్ని పరీక్ష చేసేదేంది?" అన్నాడు పెదనాయన.

నిజం చెప్పాలంటే నాకూ అదే అనుమానం. కుళ్ళిన కాయను బుట్టలోంచి తీసి పారేశాక దాని సంగతి ఎవడిక్కావాలి? రిపోర్టు వచ్చాక నేను ఆసుపత్రి దగ్గర మేం దిగిన లాడ్జి గదిలో నాయన, పెదనాయనల ఎదుట కూర్చొని అలవాటు ప్రకారం గొంతు సవరించుకున్నాను. రెండో వాక్యంలో ఆగిపోయాను. మాటలు అచ్చుయంత్రం మింగి కక్కినట్టుగా ఉన్నాయి. కప్పను కోసి పరీక్షలో మార్కులు తెచ్చుకున్నదాన్ని, లింఫ్ నోడ్ అంటే ఏమిటో తెలుసు, అది మా అమ్మ చంకలోది అయ్యేసరికి తెలియకుండా పోయింది. చివర్లో ఒక గీత, గీత పైన నాలుగు, కింద పద్నాలుగు. అది మంచి మార్కో చెడ్డ మార్కో అంతు చిక్కలేదు.

"ఏముండాది పాపా?" అన్నాడు పెదనాయన.

"నాకు తెలియదు" అన్నాను. ఆ మాట మా ఇంట్లో అనడం నాకదే మొదలు.

కింద సంతకం చేసిన మనిషినే అడుగుదామని నాయనను లేవదీసుకొని ఆసుపత్రికి పోయాను. వెనక వైపు, చివరి గదిలో కూర్చొని ఉంది ఆ డాక్టరమ్మ. తల నెరిసిన మనిషి, ముతక నేతచీర మీద తెల్లకోటు, బల్ల మీద మైక్రోస్కోపు, దాని పక్కనే చల్లారిపోయిన కాఫీ. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయింది. రోగులు గానీ వాళ్ళ మనుషులు గానీ ఆ గదికి రారట. కుర్చీలో ఉన్న గాజు పలకల పెట్టె తీసి నాయనకు చోటిచ్చింది. నాయన కూర్చోలేదు.

"అమ్మా, ఒక్క మాట చెప్పండి. మంచిదా, చెడ్డదా?" అన్నాడు.

"ఒక్క మాటలో చెప్పలేనయ్యా. మూడు మాటలు చెబుతాను. నిదానంగా వినండి" అంది ఆమె.

మొదటి మాట, అది కొవ్వు గడ్డ కాదు, క్యాన్సరే. అందులో సందేహం పెట్టుకోవద్దంది. రెండో మాట, కోసి తీసిన ముక్కకు చుట్టూ అంచులన్నీ వెతికి చూసింది, అంచుల్లో ఎక్కడా జబ్బు కనబడలేదు. అంటే కత్తి మంచి కండలోనే నడిచింది. ఇది మంచి సంగతి. మూడో మాటకు తన చంక దగ్గర వేలు పెట్టి చూపించింది. "గజ్జల్లో బిళ్ళ కడుతుంది చూడండి, అట్లాంటి బిళ్ళలు చంకలో కూడా ఉంటాయి. ఆ కండలో నాకు పద్నాలుగు దొరికాయి. ఒక్కొక్కటీ కోసి చూశాను. నాలుగిట్లో జబ్బు ఉంది, పదిట్లో లేదు."

"అంటే?" అన్నాను.

"అంటే పుట్టినచోటనే కూర్చోలేదు, నడక మొదలుపెట్టింది. ఎంత దూరం నడిచిందో ఈ నాలుగు చెబుతున్నాయి. కత్తి చెయ్యగలిగింది చేసేసింది. కంటికి కనిపించనిది ఏమైనా మిగిలి ఉంటే దానికోసం మద్రాసులో కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించాలి. పుండు మానగానే పోవాలి. వచ్చే ఏడాది చూద్దాం అనుకోవద్దు."

నాయన నేలకేసి చూస్తూ అడిగాడు, ఎన్నేళ్ళుంటాదమ్మా అని. అంత చిన్న గొంతు ఆయనకుందని నాకు తెలియదు.

"ఇది జాతకం కాదయ్యా. ఇంతవరకు ఏం జరిగిందో మాత్రమే ఇందులో రాయగలను" అంది డాక్టరమ్మ. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు సైన్సు చదివే పిల్లవా? చూస్తావా?" అని మైక్రోస్కోపు నా వైపు జరిపింది. గులాబీ రంగు, మధ్య మధ్య ఊదా చుక్కలు. చూడ్డానికి అందంగా ఉంది. అందంగా ఉన్నందుకు నాకు దాని మీద చచ్చేంత కోపం వచ్చింది.

మేం గడప దాటుతుంటే ఆమె వెనక నుంచి అంది, "ఆమెకు చెప్పండి. అది ఆమె ఒళ్ళు." నాయన తల ఊపాడు.

లాడ్జికి వచ్చి పెదనాయనకు అంతా చెప్పాం. నేనే చెప్పాను, మూడు మాటలూ. పెదనాయన విన్నాడు. విని, మంచం మీద కూలబడి, గోడ వైపు తిరిగి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ మనిషికి మా అమ్మంటే ప్రాణం. ఎంత రాత్రి వచ్చినా వేడన్నం పెట్టే మరదలు. తన భార్య మీద కోపం వస్తే చెప్పుకోవడానికి ఉన్న ఒకే ఒక్క న్యాయస్థానం. అందుకే ఆ తర్వాత ఆయన చేసిన దాని మీద నాకు కోపం నిలవలేదు గానీ, ఆ రోజు మాత్రం బాగానే వచ్చింది.

కళ్ళు తుడుచుకొని లేచి మా ఇద్దరినీ లాడ్జి వరండాలోకి తీసుకుపోయాడు. ఎదురుగా కొండ.

"ఆమెకి తెలిస్తే ఆ దిగులుతోనే పోతాది. మీ నోట ఈ మాట రాకూడదు. కొండ చూసి ఒట్టు పెట్టండి" అన్నాడు.

"డాక్టరమ్మ చెప్పమనింది పెదనాయనా. మద్రాసుకు కూడా పోవాలంట" అన్నాను.

"మద్రాసుకు పోతే ఆ ఆసుపత్రి బోర్డు చూస్తేనే తెలిసిపోతాది. అరవమో తెలుగో, ఎవుడో ఒకడు నోరు జారతాడు. వద్దు. కోసినారు కదా, అయిపోయింది. టానిక్కు తాపిద్దాం. కొండకు నిలువుదోపిడీ మొక్కుకుంటా, నా ఒంటి మీద ఉండేదంతా ఇస్తా. ఒట్టు పెట్టు అబ్బయ్యా."

నాయన కొండ వైపు చూసి ఒట్టు పెట్టాడు. నేను నాయన వైపు చూశాను. కాదను, ఒక్కసారైనా కాదను అని మనసులో ఎంత అరిచినా ఆయన చెవిన పడలేదు. తర్వాత నేనూ పెట్టాను. మద్రాసు మాట అంతటితో మూతబడింది. అమ్మకు నిజం తెలియకుండా ఉండడానికి అమ్మకు కావలసిన వైద్యం మానేస్తున్నాం. దీన్ని ప్రేమ అనుకోబట్టే మా ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఇక ఆ రోజు నుంచి వార్డులో మా నాటకం మొదలైంది. పెదనాయన మంచం దగ్గర నిలబడి, "కాగితం వచ్చినాది అమ్మణ్ణీ. వట్టి కొవ్వు గడ్డంట" అని, చెప్పడం పూర్తికాకముందే ముక్కు చీదుకోవడానికి బయటికి పోయాడు. పెద్దమ్మ ఊరి నుంచి వచ్చి, నవ్వమని చెబితే నవ్వుతున్నట్టు నవ్వుతూ, అరగంటకొకసారి అమ్మ తల నిమిరింది. నేను డిక్షనరీ ముందు పెట్టుకొని చదువుకుంటున్నట్టు నటించాను.

అందరూ పోయాక అమ్మ నన్ను దగ్గరికి పిలిచింది.

"కొవ్వు గడ్డకి మీ పెదనాయన అంతగా ఏడుస్తాడా మే? మీ మొగాలు సూస్తా ఉంటే నేనేదో ఇప్పుడే పోయినట్టుండాది. కాగితంలో ఏముండాది?"

"ఏం లేదు మా."

"నాకు చంకలో బిళ్ళలు తీసినారు. పక్క మంచం ఆమెకి రెండిట్లో ఉన్నిందంట. ఆమె మద్రాసుకు పోతా ఉండాది. ఆ మూల మంచం ఆమెకి దేంట్లోనూ లేదంట, ఇంటికి పంపించేస్తా ఉండారు. నాకెన్నిట్లో?"

వార్డు సంగతి నాకప్పుడు తెలిసింది. ఆ వార్డులో ఆడవాళ్ళకు ఇంగ్లీషు రాకపోయినా ఎవరికెన్ని బిళ్ళలో అందరికీ తెలుసు. ఎన్ని ఇడ్లీలు తిన్నావని అడిగినట్టుగా ఒకరినొకరు అడుగుతున్నారు. మా అమ్మ ఒక్కతే జవాబు లేనిది. లేచి నీళ్ళు తెస్తానని పోయాను. తిరిగి వచ్చేసరికి అమ్మ గోడ వైపు తిరిగి పడుకొని ఉంది. మరుసటి రోజు నాయనను కూడా అడిగిందట. ఆయన గోళ్ళు చూసుకుంటూ కూర్చున్నాడట.

ఆ సాయంత్రం అందరం వార్డులోనే ఉన్నాం. పెదనాయన కిటికీ పక్కన స్టూలు వేసుకొని చీనీకాయ వొలుస్తున్నాడు. తొనల మీది పీచు కూడా తీసి పెట్టేవాడు అమ్మకు. నాయన వచ్చి అమ్మకు కుడివైపున మంచం అంచున కూర్చున్నాడు. అమ్మ ఆయన వైపు చూడలేదు, అలక. నాయన భుజం మీది తుండుగుడ్డ తీశాడు. మొహం తుడుచుకుంటాడనుకున్నాను. తుడుచుకోలేదు. అమ్మ కుడి చెయ్యి మీద పరిచి, తన చెయ్యి దాని కిందికి పోనిచ్చాడు.

అమ్మ తల ఇటు తిప్పింది.

పెదనాయన కూడా చూశాడు. నేను ఆయన మొహమే చూస్తున్నాను కాబట్టి బాగా గుర్తుంది. చీనీకాయ మీద బొటనవేలు ఆగిపోయింది. లేచి అరుస్తాడనుకున్నాను, గుడ్డ లాగేస్తాడనుకున్నాను. ఆయన స్టూలు తిప్పుకొని కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మండీలో చేసినట్టే చేశాడు. నేను కూడా తల దించుకున్నాను, కానీ నాది మండీ మర్యాద కాదు, ఏడుపు కనబడకుండా ఉండాలని.

దొంగచూపు చూస్తే గుడ్డ ఒకసారి కదిలింది. తర్వాత కదల్లేదు, చాలాసేపు. అమ్మ కళ్ళు మూసుకొని ఉంది. నాయన చెవులు ఎర్రబడి ఉన్నాయి. బయట ఎవరో కాఫీ గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినబడింది. చివరికి నర్సు మాత్రలు తీసుకొని వస్తే గాని ఆ గుడ్డ లేవలేదు. నాయన దాన్ని దులిపి భుజాన వేసుకొని, నర్సుకు దారి ఇచ్చి నిలబడ్డాడు.

నర్సు పోయాక అమ్మ పిలిచింది, "బావా."

"ఏమ్మా" అన్నాడు పెదనాయన, కిటికీలోంచి మొహం తిప్పకుండానే.

"నేను మద్రాసుకు పోవల్ల."

ఆయన ఇటు తిరిగాడు. ఎందుకు అన్న మాట పెదవుల దాకా వచ్చింది, నేను చూశాను. అమ్మ కూడా చూసింది.

"గుడ్డ కింద మాట బావా. అడగొద్దు."

పెదనాయన అడగలేదు. తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు ఆయన కళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు, తల దించకుండా, నేను చూసినంతలో అది మొదటిసారి. పెదనాయన వొలిచిన తొనలన్నీ గిన్నెలో పెట్టి అమ్మ పక్కన పెట్టాడు.

"ఎప్పుడు పోవల్ల?" అన్నాడు.

"పుండు మాననీ."

"నేనూ వస్తా."

"నువ్వూ వస్తే మండీ ఎవురు సూస్తారు? దోవలో ఒక్కో ఊరిలో ఒక్కో ఏడుపు ఏడుస్తావు, నిన్ను ఓదార్చేదానికే నాకు సరిపోతాది. నువ్వు ఈడనే ఉండు."

ఆ మాటకు పెద్దమ్మ నిజంగా నవ్వింది. పెదనాయన కూడా. ఏడుస్తూనే నవ్వి, నర్సు చేత చీవాట్లు తిన్నాడు.

ఇలాంటి కథల్లో ఆమె బతికిందా లేదా అన్నది చివరిదాకా దాచిపెట్టి చదివేవాళ్ళ ఉసురు పోసుకోవడం నాకు నచ్చదు. ఇక్కడే చెప్పేస్తాను. అమ్మ చాలా ఏళ్ళు బతికింది. నా పిల్లలను ఎత్తుకుంది, అల్లరి చేస్తే రెండు తగిలించింది కూడా. ఎడమ చెయ్యి మాత్రం వాచేది, ఆ చేత్తో బరువు ఎత్తనిచ్చేవాళ్ళం కాదు. కానీ అదంతా అప్పటికి మాకెవరికీ తెలియదు. అమ్మకైతే అసలే తెలియదు.

పుండు మానేదాకా చిత్తూరులో ఇంట్లోనే ఉంది. నాకు వేసవి సెలవులు. అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకొని మామిడికాయ ఊరగాయ కొలతలు చెప్పింది. ఉప్పెంత, కారమెంత, ఆవపిండి ఏ పూట కొట్టాలి, జాడీకి గుడ్డ ఎలా కట్టాలి, అన్నీ. వచ్చే ఏడు నువ్వే పెడతావు కదమ్మా అంటే వినిపించుకోలేదు. మామూలుగా నన్ను వంటింట్లోకి రానివ్వని మనిషి. తన పట్టుచీరలు ఎండలో వేసి మళ్ళీ మడతపెట్టేటప్పుడు ఏది ఎవరికి బాగుంటుందో పెద్దమ్మతో అనేది, ఊసుపోక అన్నట్టు. నాకు కొంచెం విసుగ్గా కూడా ఉండేది. నాయన మండీ నుంచి రోజూ పెందలాడే వచ్చేసి ఆమె పక్కన కూర్చునేవాడు. ఇద్దరూ ఎండలు మండిపోతున్నాయని మాట్లాడుకునేవాళ్ళు. ఆ రోజు గుడ్డ కింద మాట మళ్ళీ ఎత్తినట్టు నేను వినలేదు.

పుండు మానాక తిరుపతిలో ఒకసారి డాక్టరుకు చూపించుకొని, అక్కడి నుంచే మద్రాసు బస్సెక్కాం. పెదనాయన బస్టాండుకు వచ్చి, బస్సు అద్దాలు, టైర్లు పరిశీలించి, కండక్టరుకు జాగ్రత్తలు చెప్పి, కిటికీలోంచి బెల్లం అచ్చుల సంచి ఒకటి లోపలికి తోశాడు. మద్రాసులో బెల్లం దొరకదా అని అమ్మ అడిగితే, "దొరుకుతాది. నాదైతే కాదు" అన్నాడు.

అమ్మ కిటికీ పక్కన, నేను ఆమె పక్కన. నాయన మా ముందు సీట్లో. పుత్తూరు దాటేసరికే ఆయన తల వాలిపోయింది. నగరిలో బస్సు ఆగితే రోడ్డు వెంబడి ఇళ్ళలోంచి మగ్గాల చప్పుడు వినబడింది. బస్సు కదిలాక అమ్మ వాటిని వింటున్నట్టే బయటికి చూస్తూ పిలిచింది.

"పాపా."

"ఊ."

"మీ నాయన నాలుగని చెప్పినాడు ఆ పొద్దు."

ఎన్నో వారాల నుంచి ఆమె ఎదుట నటించి నటించి, ఏం మాట్లాడాలో మరిచిపోయాను.

"ఎన్నిట్లో నాలుగు?"

"నీకు తెలవదా?" అన్నాను.

"తెలిస్తే అడుగుతానా? పక్క మంచం ఆమె చెప్పింది, చంకలో బిళ్ళలు నాలుగైదు కంటే ఎక్కువుండవని. నేను ఇంగ అన్నిట్లోనూ ఉండాదనుకున్న్యా. రేపు ఆ డాక్టర్లు అరవంలోనో ఇంగ్లీషులోనో చెప్తారు. కొత్తవాళ్ళ నోట వినేకంటే నీ నోట వినేది మేలు కదా అని అడుగుతా ఉండా."

మామిడికాయ కొలతలు, మడతపెట్టిన చీరలు, ఇప్పుడు అర్థమయ్యాయి నాకు. అన్నీ అయిపోయాయనుకుంటూనే ఈ మనిషి ఇంట్లో తిరిగింది, పూలామెతో గొడవ పడింది, ఇప్పుడు బస్సెక్కింది. ఒట్టు తీసి గట్టున పెట్టి, బస్సు రొదలో వినబడేలా గట్టిగానే చెప్పాను. "పద్నాలుగమ్మా. పద్నాలుగు తీసినారు. నాలుగిట్లో ఉండాది. పదిట్లో లేదు. కోసిన చోట అంచుల్లో కూడా యాడా లేదు. ఆ డాక్టరమ్మ అన్నీ వెతికి చూసినాదంట."

అమ్మ నా మొహంలోకి చూసింది. అబద్ధం చెబితే పట్టుకునే చూపు అది. పట్టుకోవడానికేమీ దొరకలేదు. పది, అని తనలో తనే అనుకుంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఉన్నట్టుండి ముందుకు వంగి, మంచి చేత్తో నాయన భుజం మీద ఒక్కటి వేసింది. ఆయన ఉలిక్కిపడి లేచి, ఊరు వచ్చిందేమోనని సంచి వెతుక్కున్నాడు.

"ఏమయ్యా, పద్నాలుగని చెప్పేదానికి నీకు వేళ్ళు లేకపోయినాయా? నాలుగని చెప్పి ఊరికే కూర్చుంటివే. ఇన్ని దినాలూ నేను అన్నీ అయిపోయినాయని అనుకుంటా ఉండా."

నాయన సీటు మీద సగం తిరిగి ఆమె వైపు, నా వైపు చూశాడు. నిద్రమత్తు వదిలాక గానీ ఆమె ఏమంటోందో తెలియలేదు ఆయనకు. తెలిశాక మొహం పాలిపోయింది. నోటితో ఎత్తకూడని మాట కాబట్టి కాసేపు తటపటాయించాడు.

"తరవాత వార్డులో నీకు తెలిసుంటాదనుకున్న్యా మే" అన్నాడు. "ఆ పొద్దు పద్నాలుగు కూడా చెప్దామనే ఉన్నింది. చెప్పల్లంటే చెయ్యి ఇడిసిపెట్టి మళ్ళీ పట్టుకోవల్ల కదా."

"ఊ. పట్టుకోవల్సింది."

"నువ్వు ఇడిస్తే కదా."